గెలిచినవాళ్ళ బల్లలు

స్టాఫ్ రూమ్ తలుపు తీయగానే మాడిన కొబ్బరి వాసన గుప్పుమంది. ఓట్స్, కొబ్బరి కోరు, చెరకు పాకం కలిపి కాల్చే యాన్జాక్ బిస్కెట్లవి. ఏప్రిల్ వచ్చిందంటే న్యూజిలాండ్‌లో ప్రతి బడిలోనూ ఎవరో ఒకరు డబ్బా నిండా చేసుకొస్తారు. యుద్ధాల్లో పోయిన సైనికులను తలుచుకునే రోజు దగ్గరపడిందని గుర్తు. మా అమ్మ కొబ్బరి లౌజు అడుగంటించినప్పుడు ఇల్లంతా ఇదే వాసన వచ్చేది. ఈ వాసనకు తోటి టీచర్లకు వాళ్ళ వాళ్ళ తాతలు గుర్తొస్తారు. నాకు నాయుడు సార్ గుర్తొస్తారు. ఆయనతో పాటు ఒళ్ళు మంట కూడా వస్తుంది. ఇన్నేళ్ళయినా అది తగ్గలేదు, తగ్గాలని నేను కోరుకోవడం కూడా లేదు.

టీచర్ ట్రైనింగ్ కోసం నన్ను పాపటోయిటోయిలోని ఈ బడికి పంపినప్పుడు చరిత్ర విభాగానికి ఆయనే పెద్ద. నేను అనకాపల్లి నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చి, మౌంట్ రాస్కిల్‌లో ముగ్గురమ్మాయిలతో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటున్న రోజులు. ఆయన పుట్టింది ఫిజీలో. ముత్తాతల కాలంలో విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కిన వాళ్ళ సంతతి. ఆంధ్ర నేల మీద ఎప్పుడూ కాలు పెట్టలేదు. తెలుగు మాత్రం నాయనమ్మ దగ్గర నేర్చుకున్నారు, అందుకే ఆయన నోట వందేళ్ళ కిందటి మా పల్లెల మాట అలాగే నిలిచిపోయింది. మొదటి రోజు నా పేరు చూసి, "ఏ ఊరమ్మా మీది?" అన్నారు. చెప్పాను. "బెల్లం ఊరా? మా నానమ్మ సెప్పీది. రా, కూకో. ముందు నా క్లాసు సూడు, పుస్తకం తరవాత సూద్దువు గాని" అన్నారు. పరాయి దేశంలో ఆ యాస వినేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆ మనిషి ఎంత కోపిష్టో అప్పటికి నాకు తెలియదు.

ఆయన రెండో ప్రపంచ యుద్ధం చెప్పే పద్ధతి మరెవరి దగ్గరా చూడలేదు. పిల్లలతో బల్లలు గుండ్రంగా జరిపించి, ఒక్కో బల్లకు ఒక్కో దేశం పేరు పెట్టేవారు. రష్యా, అమెరికా, బ్రిటన్, చైనా, ఇండియా, న్యూజిలాండ్, ఫిజీ. పిల్లలు తమకిష్టమైన చోట కూర్చోవచ్చు. నియమం ఒక్కటే: ఏ బల్లా తన గొప్ప తాను చెప్పుకోకూడదు. పక్క బల్ల లేకపోతే తన గతి ఏమయ్యేదో చెప్పాలి. జర్మన్ సైన్యంలో పెద్ద భాగాన్ని రష్యా తన నేల మీద కట్టిపడేయకపోతే మేము ఐరోపా ఒడ్డున దిగగలిగేవాళ్ళమా అని అమెరికా పిల్లలు అనాలి. అమెరికా లారీలు రాకపోతే మా సైన్యం బెర్లిన్ దాకా ఎలా వెళ్ళేదని రష్యా పిల్లలు అనాలి. అమెరికా నౌకలు జపాన్‌ను సముద్రంలో నిలువరించకపోతే మా ఒడ్డుకు దిక్కెవరని న్యూజిలాండ్ పిల్లలు ఒప్పుకోవాలి. గంట గడిచేసరికి ఓడిపోతున్న యుద్ధం ఎలా మలుపు తిరిగిందో వాళ్ళే చెప్పేసేవారు. "ఎవరు గెలిచారు అని అడిగితే ఒక్క దేశం పేరు చెప్పినవాడికి సున్నా" అని ఇంగ్లీషులో గద్దించేవారు. నిజంగానే సున్నా వేసేవారు, తల్లిదండ్రులు వచ్చి మొత్తుకున్నా మార్చేవారు కాదు.

నాకూ ఒకరోజు చీవాట్లు పడ్డాయి. ఆ ఏడు స్మారక సభకు పిల్లలు అట్టల మీద అంటించిన ఫోటోల్లో ఒక్క భారతీయ ముఖం లేదని ఉడికిపోతూ, మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయనతో అన్నాను. ఎడారిలోనూ ఇటలీ కొండల్లోనూ న్యూజిలాండ్ వాళ్ళ పక్కనే మనవాళ్ళు లక్షల మంది పోరాడారు కదా, అసలు మనవాళ్ళే లేకపోతే బ్రిటన్ ఎక్కడుండేది, అదీ నా వాదన. నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన చేతిలోని రొట్టెను డబ్బాలో పడేశారు.

"మనోళ్ళంటే ఎవురమ్మా? ఆళ్ళు 'మా కుర్రోళ్ళే గెలిచారు' అంటన్నారని కోపం నీకు. నువ్వేటి సేస్తన్నావు మరి? అదే పాట, గొంతు నీది. ఆ పక్క సైన్నెం గెలస్తంటే ఈ పక్క బెంగాల్లో జనం గింజల్లేక రోడ్ల మీద సచ్చిపోనారు. అదీ సెప్తావా, ఫోటో ఒక్కటీ అంటించీసి దండం ఎట్టీస్తావా?"

నాకు తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఫిజీలో పుట్టిన మనిషికి మా దేశం సంగతి ఎందుకు అని కూడా మనసులో అనుకున్నాను. మూడో రోజు నేనే వెళ్ళి, ఇండియా బల్లకు ఆ కరువు గురించి ఎలా చెప్పించాలో అడిగాను. ఆయన ఏమీ ఎరగనట్టే కుర్చీ చూపించారు.

ఇక అసలు సంగతి. అదే వారం, పదో తరగతి వయసు పిల్లల క్లాసులో ఆషిక అనే అమ్మాయి ఫిజీ బల్ల దగ్గరికి వెళ్ళింది. వాళ్ళది ఫిజీ నుంచి వచ్చిన భారతీయ కుటుంబం. అప్పటికే అక్కడ జోనే అనే కుర్రాడు కూర్చుని ఉన్నాడు. వాడు ఫిజీ ఆదివాసి, వాడి ముత్తాత సోలమన్ దీవుల్లో జపాన్ సైన్యంతో పోరాడినవాడు. "ఇది మా బల్ల. మీవాళ్ళు యుద్ధానికి రాలేదు" అన్నాడు జోనే. దురుసుగా అనలేదు. ఇంట్లో విన్నదే అన్నాడు, సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత మామూలుగా. ఆ పిల్ల బ్యాగు గుండెలకు హత్తుకుని నిలబడిపోయింది. ఇండియా బల్ల వాళ్ళు కూడా జరిగి చోటివ్వలేదు. "సర్, మరి నేను ఏ బల్ల?" అంది.

నాయుడు సార్ తడబడడం నేను చూసింది ఆ ఒక్కసారే. కుర్చీలో కూర్చుని, అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పారు.

"మా నాన్న ఫిజీలో లౌటోకా దగ్గర చెరకు నరికేవాడు. సైన్యంలో చేరతానని క్యాంపుకి వెళ్ళాడు. తెల్ల సిపాయికి ఇచ్చే జీతమే నాకూ ఇస్తారా అని అడిగాడు. కుదరదన్నారు. గుండు తగిలితే ఇద్దరం ఒకేలా చస్తాం కదా అన్నాడు. ఇంటికి పొమ్మన్నారు. మా నాన్న లాంటి వాళ్ళు చాలామంది అదే ప్రశ్న అడిగి వెనక్కి వచ్చారు. బతికినన్నాళ్ళూ ఆయన్ని పిరికివాడన్నారు, ద్రోహి అన్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఫిజీ సైన్యం, మావాళ్ళు ఎక్కువగా ఉన్న ప్రభుత్వాన్ని కూలదోసిన రోజున, మా వీధిలో నిలబడి అదే మాట అరిచారు. మేము దేశం వదిలి వచ్చేశాం." జోనే వైపు తిరిగారు. "మీ ముత్తాత ధైర్యానికి నేను దండం పెడతాను. కానీ తెల్లవాడి జీతం ఆయనకీ ఇవ్వలేదు. ఆ సంగతి మీ ఇంట్లో ఎవరైనా చెప్పారా?"

వాడు లేదని తల ఊపాడు. సార్ మూలన ఉన్న ఖాళీ బల్లను లాక్కొచ్చి గుండ్రంలో పెట్టారు. "ఇది మీ దేశాలన్నీ కలిసి కట్టిన కూటమి గుమ్మం దాకా వచ్చి, సమానంగా చూస్తారా అని అడిగి, వెనక్కి పంపబడ్డవాళ్ళ బల్ల. వీళ్ళను కాదనుకోవడం వల్ల మీకేం నష్టం జరిగిందో మిగతా బల్లలన్నీ చెప్పాలి." ఆషిక ఆ బల్ల దగ్గర కూర్చుంది. ఆ రోజు క్లాసులో పిల్లలు మాట్లాడిన మాటలు నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేవు.

సైనికులను తలుచుకునే పవిత్రమైన వారంలో వీరులను అవమానించారని ఎవరో తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ప్రిన్సిపాల్ నాయుడు సార్‌ను పిలిచాడు. ఆ క్లాసులో ఉన్నదాన్ని కాబట్టి నన్నూ పిలిచాడు. ఎవరినీ అవమానించలేదని, ప్రతి మాటా నిజమేనని చెప్పాను. ప్రిన్సిపాల్ చిరునవ్వు చెదరనివ్వలేదు. "అబద్ధమని నేనూ అనడం లేదు. ఈ వారం వద్దంటున్నాను, అంతే. ఈ వారం అందరం ఒక్కటిగా ఉండాలి. రెండు ముక్కలు క్షమాపణ రాసివ్వండి, మరిచిపోదాం."

"ఒక్కటిగా ఉండడమంటే కొందరు నోరు మూసుకోవడమా?" అన్నారు సార్. రాసివ్వలేదు.

మరుసటి టర్మ్‌లో విభాగం బాధ్యత మరొకరికి ఇచ్చారు. మార్పు మంచిదన్నారు, కొత్త రక్తం కావాలన్నారు, పొగిడి ఒక మొక్క కూడా చేతిలో పెట్టారు. నియంతలను ఓడించడానికి ప్రపంచం ఎలా ఏకమైందో ముప్పై ఏళ్ళు చెప్పిన మనిషిని ఒక చిరునవ్వుతో ఓడించారు. నాకు వాళ్ళ మీద ఎంత కోపమొచ్చిందో, ఊరుకున్నందుకు ఆయన మీదా అంతే వచ్చింది. "మీరు పోరాడాలి సార్, యూనియన్‌కి చెప్పండి" అని ఆయన కారులో గొడవ పెట్టుకున్నాను. ఆయన సిగ్నల్ దగ్గర బ్రేకు వేసి, "పదవి ఆళ్ళిచ్చింది, ఆళ్ళే తీసుకున్నారు. క్లాసు నాదమ్మా. ఆ బల్ల తీమని నాకెవుడూ సెప్పనేడు" అన్నారు. రిటైరయ్యేదాకా ప్రతి ఏప్రిల్‌లోనూ, అదే వారంలో, ఆ బల్ల వేశారు.

పోయిన చలికాలంలో ఆయన పోయారు. అంత్యక్రియల హాలులో ఆ పాత ప్రిన్సిపాల్ లేచి, నాయుడు ఎంతో సౌమ్యుడని, ఎవరినీ నొప్పించకుండా అందరినీ కలుపుకుపోయిన మనిషని కళ్ళు తుడుచుకున్నాడు. జనం తలలూపారు. గెలిచినవాళ్ళు కథ ఎలా రాస్తారో నా కళ్ళ ముందే జరుగుతోంది. పిలవకపోయినా లేచి వెళ్ళి మైకు తీసుకున్నాను. ఆయన సౌమ్యుడు కాదని, కోపిష్టి అని, ఆ కోపం ఎందుకొచ్చిందో ఈ హాలులోనే ఒకరికి బాగా తెలుసని చెప్పి వచ్చి కూర్చున్నాను. నర్సు యూనిఫాంలోనే వచ్చిన ఆషిక వెనక వరసలోంచి లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.

కోపం ఒంటికి మంచిది కాదంటాడు మా ఆయన. కొన్ని కోపాలు ఒకరి నుంచి ఒకరికి అందాలి, మధ్యలో చల్లారితే అబద్ధం నిజమైపోతుందని ఆయనకు ఎలా చెప్పను? ఇప్పుడు విభాగానికి నేనే పెద్దను. ఈ ఉదయం కొత్త ప్రిన్సిపాల్ స్టాఫ్ రూమ్‌లో నా పక్కకు వచ్చి, చాలా మర్యాదగా, మీ బల్లల క్లాసు వచ్చే నెలకు మార్చుకోగలరా, ఈ వారం అందరినీ కలిపే విషయాలే చెబుదాం అంది.

"కుదరదు. ఈ వారమే చెబుతాను" అన్నాను. "నా చేత క్షమాపణ రాయించుకునే ఉద్దేశం ఉంటే ఇప్పుడే అడగండి. రాయనని ఇప్పుడే చెప్పేస్తాను."