పొట్టేలు ఒప్పుకుంది

మా అమ్మను వెనకాల ఊరంతా గుమ్మి అనేవాళ్లు. జొన్నలు పోసి దాచుకునే వెదురు గుమ్మి. ముందర మాత్రం, "అక్కా, జర మజ్జిగ పొయ్యవా" అంటూ చెంబు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ మజ్జిగ తాగిన నోళ్లే వాకిలి దాటగానే నవ్వేవి. నాకు ఒళ్లు మండిపోయేది. అమ్మ మాత్రం, "నవ్వుకోనీ బిడ్డా, వాళ్లు నవ్వితె నా ఒళ్లేమన్న తరుగుతదా" అనేది. అనేది గానీ, ఆ పూట ముద్ద ముట్టేది కాదు.

మాది కొత్తకోటకు ఆవల, గొర్ల మీద బతికే ఇల్లు. ఎండలు ముదిరి చెలకల్లో గడ్డి మాడిపోగానే మా నాయిన మంద తోలుకుని తుంగభద్ర ఒడ్డుకు, ఆలంపూర్ దిక్కు పోయేవాడు. మళ్లీ తొలి వానలు పడ్డాకే రావడం. మంద వెంట ఇంటి ఆడమనిషి కూడా పోవాలి. గాడిద మీద కుండలూ గొంగళ్లూ వేసుకుని వెనకాల నడవాలి, దిగినచోట పొయ్యి పెట్టాలి, ఈనిన గొర్రెను చూసుకోవాలి. కాపురానికి వచ్చిన ఏడాది నుంచీ ఆ పని అమ్మదే. ఏ గొర్రె ఎప్పుడు ఈనుతుందో నాయిన కంటే ఆమెకే బాగా తెలిసేది. ఉన్ని కత్తిరించే ముందు గొర్లను మడుగులో కడుగుతుంటే ఒడ్డున నిలబడి మమ్మల్ని కేకలేసేది. "చెవులు మూసి పట్టుండ్రే! చెవుల నీళ్లు వోతె ఒళ్లంత ఇదిలిచ్చి మిమ్ముల మడుగుల పడేస్తయ్!" నిజంగానే పడేసేవి.

నా తర్వాత పుట్టినవాళ్లెవరూ దక్కలేదు. కాన్పు కాన్పుకూ పొట్ట వదులైంది, ఒళ్లు ఊరింది, చివరికి కడుపు తొడల మీదికి వేలాడింది. దానికి తోడు బొడ్డు దగ్గర పేగు దిగింది. దగ్గినా తుమ్మినా పిడికెడు ముద్ద బయటికి ఉబికేది. అమ్మ దాన్ని అరచేత్తో లోపలికి నొక్కుకుంటూ నిలబడేది. తిండిబోతు కాబట్టే అట్లా అయిందని లోకం తేల్చేసింది. అందరికీ పెట్టాక కుండ అడుగున అంటుకున్న జొన్న గట్క గీక్కుని తినే మనిషి తిండిబోతు ఎట్లా అవుతుందో ఆ లోకాన్నే అడగాలి.

నడక పోయింది. వాకిట్లోంచి బావి దాకా పోయి రావడానికే రొప్పేది. వరసగా రెండు ఎండాకాలాలు ఆమె లేకుండానే మంద పోయింది. నాయిన తన గట్క తానే కాచుకుని, మాడిన మొహంతో తిరిగొచ్చాడు. అప్పుడు నోరు విప్పింది మా మేనత్త. నాయినకు అక్క, మా పక్కిల్లే. అమ్మ రొట్టె చేస్తూ అక్కడే కూర్చుని ఉండగానే అంది. "తమ్మీ, నడ్వలేని మనిషిని పెట్టుకోని ఏం జేస్తవ్ రా? మా ఆడిబిడ్డ కూతురున్నది. మొగుడు సచ్చి ఇంట్ల కూసున్నది. కాళ్లు గట్టిగున్నయ్. తెచ్చుకో."

"నీ నోట్ల మన్నువడ" అని నేను అందుకున్నాను. అమ్మ నా చెయ్యి గిల్లింది. మారు మనువు మాలో తప్పు కాదు, ఎవరూ అడ్డం చెప్పరు. అడ్డం చెప్పాల్సింది నాయిన ఒక్కడే. ఆయన అవునని అనలేదు, కాదనీ అనలేదు. "సూద్దాం తియ్" అన్నాడు. ఆ "సూద్దాం" అన్న మాట ఉంది చూడండి, ఇన్నేళ్లయినా నేను దాన్ని క్షమించలేదు. అమ్మ రొట్టె తిరగేయడం మరిచిపోయింది. అది పెనం మీద నల్లగా మాడిపోయింది.

కొత్తకోటలో సూదులు వేసే కంపౌండరు ఒకాయన అమ్మ పొట్ట చూసి, దీనికి పట్నంలో పెద్ద దవాఖానకే పోవాలన్నాడు. నాయిన తీసుకుపోయాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఊళ్లో నాలుగు తరగతులు చదివిన గొల్లింటి ఆడపిల్లను నేనే కాబట్టి నన్నూ వెంటేసుకున్నారు. బస్సులో అమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. కూర్చోవడానికి చోటు మిగల్లేదని నవ్వారు. అమ్మ కిటికీ బయటికి చూస్తూ కొంగు నోట్లో పెట్టుకుంది.

డాక్టరు పెద్దవయసు మనిషి. ఉర్దూ కలిసిన తెలుగులో నెమ్మదిగా చెప్పాడు, విసుక్కోలేదు. పొట్ట అడ్డంగా కోసి, వేలాడే కొవ్వంతా తీసేసి, పేగును లోపలికి తోసి కుట్టేస్తామన్నాడు. బాగా కుదిరితే పొట్ట బరువు పోతుంది, నడుస్తుంది, పని చేసుకుంటుంది. కుదరకపోతే? అదీ దాచలేదు. ఇంత ఒళ్లున్న మనిషికి మత్తు ఇవ్వడమే భయం, బల్ల మీదే ఊపిరి ఆగిపోవచ్చు. కొవ్వున్న చోట కుట్లు తొందరగా మానవు, చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది. మంచం దిగకుండా పడుకుంటే కాళ్లలో నెత్తురు గడ్డ కట్టొచ్చు. పైగా ఒళ్లంతా సన్నబడదు, పొట్ట ఒక్కటే తగ్గుతుంది.

"చేపియ్యకుంటె?" అని నాయిన అడిగాడు.

"ఎన్నేండ్లయినా ఇట్లనే ఉండొచ్చు. ఎప్పుడో ఒకనాడు పేగు ఇరుక్కుంటే మాత్రం మనిషి దవాఖాన దాకా కూడ రాదు. ఫైసలా మీదే. ఇంటికి పోయి సోంచాయించుకోండ్రి."

అప్పటిదాకా నేల చూస్తున్న అమ్మ తలెత్తింది. "సారూ, నడుస్తనా?"

"కుదిరితే నడుస్తవమ్మా."

"ఎంత దూరం?"

డాక్టరుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆలంపూర్ అంత దూరం.

బయట దవాఖాన గోడ నీడన కూర్చున్నాం. నాయిన బీడీ తాగడానికి రోడ్డు మీదికి పోయాడు. నేను ఏడుస్తూ, "వద్దే అమ్మా, ఇట్లనే ఉండరాదే. బల్ల మీదనే పోవచ్చంటుండు గద" అన్నాను. అమ్మ మంద గురించి మాట్లాడినట్టే మాట్లాడింది. "సారు చెప్పింది అబద్ధం గాదు బిడ్డా. కొవ్విన గొర్రెకు గడ్డ కోస్తె బక్క గొర్రెకు మానినట్టు మానది, నేను సూసిన. నాకు భయం లేదనుకున్నవా? గజగజ వణుకుతున్న. కాని ఇంట్ల మూల కూసోని, నా కుండల్ల ఇంకొకతె వండుతుంటె సూస్కుంట బతుకుడు, అది బతుకే? సస్తె ఒక్కపారి సస్త. గట్ల బతికితె దినాం సావాలె." అని లేచి చీర దులుపుకుంది. ఇంకేముంది, ఆమె నిర్ణయం అయిపోయింది.

కానీ ఆమె నిర్ణయంతో మా ఇంట్లో పని జరగదు. పెద్ద పని ఏది తలపెట్టినా మల్లన్న గూటి ముందు పొట్టేలును నిలబెట్టి అడగాలి. దాని వీపు మీద పసుపు నీళ్లు పోసి, అడగాల్సింది అడిగి ఊరుకుంటారు. పొట్టేలు ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. కదలకుండా నిలబడితే వద్దన్నట్టు. మంద కదలాలన్నా అంతే, పిల్లనివ్వాలన్నా అంతే. పట్నం డాక్టరు ఎన్ని చెప్పినా, మా అమ్మ పొట్ట కొయ్యాలా వద్దా అన్నది చివరికి ఆ పొట్టేలే తేల్చాలి. థూ, ఏం బతుకులు!

పొద్దున్నే కులపెద్దలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నాయిన అందరి ముందూ అన్నాడు: "పొట్ట కోపిచ్చుకోని నడిచిందనుకో, మంద ఎంబడి ఆమెనే వస్తది. ఇంకొకల మాటే నేనెత్తను." అమ్మ ఆ మాట వినడానికే పుట్టినట్టు విన్నది. నాయిన పొట్టేలు వీపు మీద నీళ్లు పోశాడు. "మల్లన్నా, కోతకు పంపమంటవా?" పొట్టేలు నెమరు వేసుకుంటూ నిలబడింది. మళ్లీ పోశాడు. కదల్లేదు. మళ్లీ పోశాడు. దాని తోక అయినా ఊగలేదు.

"దేవుడు వద్దంటుండు, కనవడ్తలేదా?" అంది మేనత్త. గొంతులో ఆ సంతోషం దాచుకోవడం కూడా ఆమెకు రాలేదు. ఒక పెద్దమనిషి తలపాగా సర్దుకుని లేవబోయాడు.

"జర ఆగుండ్రి. నేను మొక్కుకుంట" అని అమ్మ లేచింది. రొప్పుతూ వచ్చి, చెంబు తీసుకుని, పొట్టేలు తల దగ్గర వంగింది. ఊరు నవ్విన ఆ ఒళ్లే అడ్డం నిలిచింది. అరుగు మీదివాళ్లకు ఆమె వీపు తప్ప ఏమీ కనిపించలేదు. పలుపు పట్టుకుని ఎదురుగా ఉన్నది నేను. పసుపు నీళ్లు ధారగా పొట్టేలు చెవిలోకి పోవడం నా కళ్లారా చూశాను. అమ్మ నా మొహం కూడా చూడలేదు. పొట్టేలు తల జాడించి, కొమ్ములు ఊపి, ముందు కాళ్ల నుంచి తోక దాకా ఒళ్లంతా విదిలించింది. నీళ్లు అందరి మీదా పడ్డాయి.

"ఒప్పుకున్నడు! మల్లన్న ఒప్పుకున్నడు!" అని పెద్దలు చేతులెత్తి మొక్కారు. నాయిన కూడా మొక్కాడు. పొట్టేలు దిక్కు ఒకసారి, అమ్మ దిక్కు ఒకసారి చూసి, పలుపు నా చేతిలోంచి తీసుకున్నాడు.

కోత అయింది. బల్ల మీద పోలేదు. ఆ పూట నేను దవాఖాన మెట్ల మీద కూర్చుని మొక్కని దేవుడు లేడు. కానీ డాక్టరు భయపడ్డట్టే కుట్లు చీము పట్టాయి. గుడ్డలు మార్చేటప్పుడు అమ్మ మంచం పట్టె పట్టుకుని పళ్లు కొరికేది, కేక మాత్రం వేసేది కాదు. జ్వరంలో కూడా గొర్ల పేర్లే పలవరించింది. నాయిన ఒకసారి వచ్చాడు. మంచం కాళ్ల దగ్గర నిలబడ్డాడు, కూర్చోలేదు. "మంద కదిలే యాళ్లయింది" అన్నాడు. అమ్మ నవ్వు తెచ్చుకుంది. "పో. నా ఫికర్ జెయ్యకు. మర్లొచ్చేటప్పుడు నేనే ఎదురొస్త, సూడు." నాయిన తలూపి వెళ్లిపోయాడు. ఆ రోజు అమ్మ దవాఖాన గంజి మొత్తం తాగింది.

గాయం మానడానికి సగం ఎండాకాలం పట్టింది. మానింది. ఇంటికొచ్చి చీర కట్టుకుంటే, ఇదివరకు భుజం దాకా రావడానికే యాతన పడే కొంగు నడుం చుట్టూ తిరిగి ఇంకా మిగిలింది. అమ్మ ఆ మిగిలిన కొంగును చేత్తో పట్టుకుని చిన్నపిల్లలా చూసుకుంది. మిగతా ఒళ్లు ఒళ్లే, బండ చేతులు, బండ తొడలు. కానీ పేగు దిగడం లేదు, ఆయాసం లేదు. పొద్దున్నే ఊరి చివరి చింతల దాకా నడిచేది. వారానికి వారం ఇంకొంచెం దూరం పోయేది. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడని నేను గుర్తు చేస్తే, "బరువులు గాడిద ఎత్తుతది, నేనెందుకెత్తుత?" అని నన్నే ఎగతాళి చేసింది. ఆ రోజుల్లో పొరుగువాళ్లు ఆమెతో మాట్లాడుతూ చూపులు తిప్పుకునేవాళ్లు. మేనత్త మా గడప తొక్కడం మానేసింది. సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాం. మా పిచ్చి.

వానలు పడ్డాయి. మంద వాగు దగ్గరికి వచ్చిందని కబురు తెలియగానే అమ్మ ఉతికిన చీర కట్టింది, నొసట ఇంత బొట్టు పెట్టింది. వాగు దాకా ఎదురు నడిచాం. మధ్యలో నేనే రెండుసార్లు కూర్చుందామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. దుమ్ము కనిపించింది, తర్వాత గొర్లు, తర్వాత గొంగడి భుజాన వేసుకున్న నాయిన. ఆయన వెనకాల మా గాడిద. గాడిద మీద మా కుండలు. గాడిదను అదిలిస్తూ ఒక ఆడమనిషి, గట్టి కాళ్లతో టకటకా నడుస్తూ వస్తోంది.

అమ్మ దారి మధ్యలో నిలబడిపోయింది. గొర్లు ఆమెను గుర్తు పట్టి చుట్టూ మూగాయి. నాయిన దగ్గరికి వచ్చి, ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు.

"నడిచిన గదయ్యా" అంది అమ్మ. "సూడు, ఈడిదాక నడిచొచ్చిన."

"బతుకుతవని ఎవలనుకున్నరు?" అన్నాడు నాయిన. కాసేపాగి, "నా అంతట నేను తేలే. దేవున్నడిగే తెచ్చిన. గదే పొట్టేలు. నీళ్లు వోసి అడిగిన, ఇదిలిచ్చింది" అన్నాడు.

అమ్మ పక్కనే ఉన్న పొట్టేలు తల మీద చెయ్యి పెట్టింది. దాని చెవిని వేళ్ల మధ్య నిమిరింది.

"నీళ్లు యాడ వోసినవ్?" అని అడిగింది.

నాయిన ఆమె కళ్లలోకి చూసే అన్నాడు. "నువ్వు పోసిన కాడనే."

అంటే ఆనాడే ఆయనకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ గొర్లు కాసిన మనిషికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? దేవుడు ఒప్పుకోలేదని తెలిసే ఆమెను కోతకు పంపాడు. నడిస్తే మంద వెనక మనిషి ఉంటుంది, పోతే మారు మనువుకు అడ్డం పోతుంది. డాక్టరు, అమ్మ, నేను, అందరం బుర్రలు బద్దలు కొట్టుకున్నాం గానీ, లాభనష్టాలు తూచుకున్నవాడు మా నాయిన ఒక్కడే. ఏ దిక్కు మొగ్గినా ఆయనకు పోయేదేమీ లేదు.

ఆ నీళ్లు ముందు పోసింది అమ్మే, ఇక ఎవరి ముందు పంచాయితీ పెడుతుంది? వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టింది. నేను ఏడుస్తూ, తిడుతూ, రాళ్లు తన్నుకుంటూ వెనకాల పోయాను. ఆమె ఎక్కడా ఆగలేదు, రొప్పలేదు, పొట్ట పట్టుకోలేదు. డాక్టరు చెప్పింది నిజమే. మా అమ్మ చక్కగా నడిచింది.