అన్నయ్య పిక్క నొప్పి

మా అన్నయ్య పోస్ట్‌మ్యాన్. ఉత్తరాలు రాసేవాళ్ళు లేకపోయినా పార్సిళ్ళ సంచి భుజాన వేసుకుని రోజూ మా వీధి పొడవునా నడుస్తాడు. తొమ్మిదేళ్ళపాటు నా కళ్ళజోళ్ళ కొట్టు ముందు నుంచే వెళ్ళాడు, తల తిప్పకుండా. నాకొచ్చిన కవర్లు తలుపు కింద నుంచి లోపలికి తోసేవాడు. నేను చేసిన నేరం చిన్నది కాదు మరి. మా అక్క కొడుకు పెళ్ళిలో అన్నయ్య నోట్లోని సిగరెట్టు లాగి పదిమందిలో మురిక్కాలువలో పారేశాను. దాంతోపాటు తన పరువూ కొట్టుకుపోయిందట. సిగరెట్టయితే మర్నాడే ఇంకోటి వెలిగించుకున్నాడు, చెల్లెలే అక్కర్లేకపోయింది.

అలాంటి మహానుభావుడు పోయినేడాది ఒక ఉదయం నా కొట్టు ముందు ఆగాడు. మర్నాడూ ఆగాడు. అద్దంలోంచి ఆడవాళ్ళ ఫ్రేముల వైపు దీక్షగా చూసి, రెండు నిమిషాలకు కదిలిపోయాడు. తన చూపు భేషుగ్గా ఉంది, వెలిసిపోయిన అడ్రసు కూడా దూరం నుంచే చదివేస్తాడు. కాబట్టి నా కోసమే ఆగుతున్నాడని తేల్చుకున్నాను. రక్తసంబంధం ఎక్కడికి పోతుంది, మనసు కరిగింది అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, రోజూ పది గంటలయ్యేసరికి తల దువ్వుకుని నిలబడేదాన్ని. మా ఆయన ముసిముసిగా నవ్వేవాడు.

ఉండబట్టలేక ఒకరోజు గుమ్మంలోకి వెళ్ళాను.

"ఏం కావాలి?"

"చూస్తున్నా."

"ఆడవాళ్ళ కళ్ళజోళ్ళా?"

"చూస్తే తప్పా?" అని వెళ్ళిపోయాడు.

తొమ్మిదేళ్ళ తర్వాత మా అన్నాచెల్లెళ్ళ ముచ్చట ఇది. ఆ రెండు ముక్కలకే సాయంత్రం దాకా సంబరపడ్డాను.

నా సంబరాన్ని చెడగొట్టింది ఒక నర్సు. పెద్దాసుపత్రిలో రక్తనాళాల విభాగంలో పనిచేస్తుంది. కళ్ళజోడు కోసం వచ్చి, బయట నిలబడి పిక్క రుద్దుకుంటున్న అన్నయ్యను గమనించింది.

"ఆయన రోజూ ఇక్కడే ఆగుతారా?"

"మా అన్నయ్యేనండీ. నన్ను చూడ్డానికి వస్తాడు," అన్నాను గొప్పగా.

"ఏమనుకోకండి. ఆయన ఆగేది పిక్క నొప్పి వల్లేమో అనిపిస్తోంది. కాలి రక్తనాళాలు పూడుకుంటే ఇంతే. కొంతదూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, నిలబడితే తగ్గుతుంది. ఊరికే నిలబడితే ఎవరైనా అడుగుతారని షాపుల అద్దాల్లోకి చూస్తుంటారు. మా దగ్గరికొచ్చే చాలామందిది ఇదే నాటకం. ఒకసారి తీసుకురండి."

పోస్టాఫీసు నుంచి సరిగ్గా అంత దూరంలో నా కొట్టుంది, అదన్నమాట నా మీద ప్రేమ. కడుపు మండింది. ఆ మంట మీదే బయటికెళ్ళి సంచి పట్టుకున్నాను.

"కాలు చూపించుకుంటావా, మీ ఆఫీసులో చెప్పమంటావా?"

కాలి సంగతి తెలిస్తే వీధులు మాన్పించి బల్ల ముందు కూర్చోబెడతారని తన భయం. నా వెంట పెద్దాసుపత్రికి వచ్చాడు.

చేతికీ, చీలమండకూ బీపీ చూశారు. చీలమండ దగ్గర చేతిలో ఉన్నదానిలో సగమే ఉంది. కాలిలో పూడిక ఉంటే గుండెలోనూ ఉండే అవకాశం ఎక్కువనీ, సిగరెట్టు మానకపోతే కాలు తీసేయాల్సి రావచ్చనీ డాక్టరు చెప్పాడు. అన్నయ్య అదంతా విననట్టే, స్టెంటు ఎప్పుడేస్తారని అడిగాడు. తోటి పోస్ట్‌మ్యాన్‌కు గుండెలో రెండున్నాయి. తనకు కాలిలో ఒక్కటైనా లేకపోతే ఎంత నామోషీ.

"ముందు మాత్రలు, నడక. మూడు నెలలయ్యాక చూద్దాం," అన్నాడు డాక్టరు.

"ముప్పై ఏళ్ళ నుంచి నడుస్తూనే ఉన్నానండీ. అదే వైద్యమైతే నాకీ రోగమెందుకొచ్చింది?"

నర్సు అందుకుంది. "మీరు నొప్పి మొదలవగానే ఆగిపోతున్నారు. నొప్పి వచ్చాక ఇంకాస్త నడిచి అప్పుడాగాలి. తగ్గాక మళ్ళీ నడవాలి. నొప్పి రాకుండా హాయిగా నడిచినవాళ్ళకి పెద్దగా లాభం లేదని ఈమధ్య పరిశోధనల్లో తేలింది."

వారానికి మూడు రోజులు ఆసుపత్రి వరండాలో నడక. నన్ను రావద్దన్నాడు, నా సాయం ఇక చాలట. సిగరెట్టు కూడా మానేశాడు. ఆ ఘనత డాక్టరుదేనని ఊరంతా చెప్పుకున్నాడు.

నెల తిరిగేసరికి నొప్పి నా కొట్టు దాటి, తాళాలు బాగుచేసేవాడి దగ్గరికి వెళ్ళింది. మూడో నెలకు వీధి మలుపులో మంగలి షాపు దాకా పోయింది. సంతోషించాలి, సంతోషించాను కూడా. కానీ పది గంటలకు తను మళ్ళీ తల తిప్పకుండా వెళ్ళిపోతుంటే, ఆ దిక్కుమాలిన నొప్పి ఇంకో నెలుంటే ఎవరి సొమ్ము పోయేది అనిపించింది. అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఏడ్చాను.

నిన్న కొట్టు మా ఆయనకు అప్పజెప్పి మలుపు దాకా వెళ్ళాను. అన్నయ్య మంగలి షాపు అద్దంలోకి చూస్తూ నిలబడ్డాడు, ఆ బట్టతలకు ఏ కటింగు నప్పుతుందో ఆలోచిస్తున్నట్టు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"కొట్టొదిలేసి వచ్చావేం?"

"నువ్వు ఆగే చోటు మారిందిగా."

రెండు నిమిషాలు దాటాయి. నొప్పి తగ్గిపోయి ఉంటుంది, అయినా కదల్లేదు.

"వచ్చే నెలకి ఇంకా ముందుకెళ్తుంది," అన్నాడు అద్దంలోకే చూస్తూ.

"వెళ్ళనీ," అన్నాను. "నా కాళ్ళు బాగానే ఉన్నాయి."