కళ్ళంలో ఆవిరి పాఠం

తొంభైల చివర్లో ప్రత్తిపాడు దగ్గర ఒక హైస్కూల్లో నేను తెలుగు చెప్పేవాణ్ణి. రసాల సంగతి అడిగితే తొమ్మిదీ చెప్పగలను గానీ, రసాయనం జోలికి పోను. మా సైన్సు మేడమ్ మాత్రం ఊళ్లో ఏది కనబడినా పాఠంలోకి లాగేవారు. జిన్నింగు మిల్లు, మందు కొట్టే స్ప్రేయరు, చివరికి నా స్కూటరు కూడా. అది ఎందుకు స్టార్టు కాదో తొమ్మిదో తరగతి మొత్తానికి తెలుసు, నాకు తప్ప.

బడి వెనకే ఆ తరగతిలో ఒకమ్మాయి వాళ్ల మిరప కళ్ళం. ఆ ఏడు వాళ్లకి మొదటి కోత కాయ సగం తెల్లబడి తాలుగా పోయింది. రెండో కోత కళ్ళంలో ఉంది. అదీ రంగు పోతే మిర్చి యార్డులో ఎవరూ ముట్టుకోరు. తప్పంతా మంచుదేనని వాళ్ల నాన్న నమ్మకం. అందుకే పొద్దు వాలగానే, కాయ ఇంకా వేడిగా ఉండగానే కుప్పచేసి, ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేవారు. ఊరంతా చేసే పనే అది.

నీరు ఆవిరవడం, ఆవిరి మళ్లీ నీరవడం చెప్పాల్సిన రోజు మేడమ్ పుస్తకం మూసి, పొద్దున్నే పిల్లల్ని ఆ కళ్ళానికి తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను, ఘాటుకు తుమ్మడమే నేను చేసిన ప్రయోగం. పట్టా ఎత్తి లోపలివైపు తడిమి చూడమన్నారు. అందరి అరచేతులూ తడిశాయి. పట్టాకి ఒక్క చిల్లి లేదు. ఈ తడి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారావిడ.

ఆ అమ్మాయి తడిసిన అరచెయ్యి పక్కనే ఉన్న వాళ్ల నాన్నకి చూపించింది.

"మంచు కాదు నాన్నా. కాయలోంచే వస్తన్నయ్యి ఈ నీళ్లు."

"ఏందమ్మా, ఎండబెట్టిన కాయలో నీళ్లెక్కడియ్యి?"

"ఇంకా పూర్తిగా ఎండలేదుగా. వేడి మీద మూసేస్తన్నాం. అన్నం గిన్నె మూతకి పట్టదా?"

ఆయన మేడమ్ వైపు చూశారు. ఆవిడ అవుననలేదు, తేలాలంటే ఏం చేయాలో అమ్మాయినే అడిగారు. కొంత కాయ విడిగా పల్చగా పోసి, సాయంత్రం చల్లారాక గోనెపట్టాలు కప్పుతానంది. మిగిలిన ఒక్క కోతతో ఆటలేంటని గొణుగుతూనే ఆయన ఒక గంపెడు ఇచ్చారు.

మర్నాడు బడికి ముందే మేడమ్ కళ్ళంలో ఉన్నారు. రాత్రి సరిగా నిద్రపోయినట్టు లేరు. గోనె కింది కాయ ఊపితే గలగలలాడింది. పట్టా కింది కాయ చేతికి మెత్తగా తగిలింది. ఆయన రెండూ మళ్లీ మళ్లీ పట్టి చూశారు. తర్వాత రాళ్లు తీసేసి, పట్టా లాగి పక్కన పడేసి, కుప్పని పల్చగా నెరపడం మొదలుపెట్టారు.

"మీ బాబాయి కూడా ఇట్టాగే కప్పాడు. పోయి చెప్పిరా," అన్నారు కూతురితో. "నేను చెబితే వాడు వినడు. పట్టా కింద చెయ్యి పెట్టించి చూపించు."

తోడుగా వెళ్దామా అని మేడమ్‌ని అడిగాను.

"ఎందుకండీ, ఆ పిల్లకి వచ్చుగా," అంటూ ఆవిడ బడివైపు నడిచారు.