ముల్లు చూపిందే లెక్క

నంద్యాల పాలిటెక్నిక్‌లో నాతో చదివిన ఆళ్లగడ్డ అమ్మాయి, రీడింగ్ తీసుకునే ముందు మీటరు అద్దాన్ని గోటితో తట్టి, ఒక కన్ను మూసి ముల్లును చూసేది. రాతి విగ్రహాలు చెక్కే వాళ్ల నాయన కూడా గీత సరిగా ఉందో లేదో అలాగే చూస్తాడట.

నూరు వాట్ల బల్బు ప్రయోగంలో మేమంతా సీనియర్ల రికార్డులోని 230 వోల్టులే రాసేవాళ్లం. తను మాత్రం చూసిందే రాసేది. అలా రాసే ఒకసారి ప్రాక్టికల్స్ తప్పింది. మళ్లీ తప్పితే డిప్లొమా చేతికి రాదు.

రెండోసారి పరీక్షలో వోల్ట్‌మీటరు 204 చూపింది, అమ్మీటరు 0.40 ఆంపియర్లు. భాగించి 510 ఓములని, గుణించి 81.6 వాట్లని రాసింది.

ఎగ్జామినర్ నొసలు ముడిచాడు. "బల్బు మీద నూరని ఉంది గదమ్మా?"

"230 వోల్టులొస్తే నూరు సార్. ఈడ యాడ వస్తాండాయి?"

ఆయన వంగి చూశాడు. అంతలో వోల్టేజీ 198కి దిగింది. "చూడు, ఇప్పుడు నీ లెక్కా తప్పే!" అని నవ్వాడు.

తను రాసిందంతా కొట్టేసి మళ్లీ మొదలుపెట్టింది.

"చాల్లేమ్మా, పాస్ చేస్తాలే. బస్సుకు పో."

"కూచోండి సార్," అంది తల ఎత్తకుండానే. "ఇంకా ఆంపియర్లు చూడల్ల."