నేను రాయని మంచి రోజులు

నా చిన్నప్పుడు, పదేళ్లుంటాయేమో, మా చిన్నమ్మంటే నాకు ప్రాణం. ఆ చిన్నమ్మంటేనే చచ్చేంత భయం కూడా. ఆమె మా అమ్మకు చెల్లెలు. అమీర్‌పేటలో మా రెండు గదుల ఇంట్లో ఉంటూ టైపు నేర్చుకునేది. నేనూ ఆమే ఒకే మంచం మీద పడుకునేవాళ్లం.

ఉన్నట్టుండి ఒక నెలంతా ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, స్నానం లేదు. అమ్మ ఒక డాక్టరుకు చూపిస్తే నరాల బలహీనత అని టానిక్ రాశాడు. కొన్నాళ్లకు లేచింది. లేచిందన్న సంతోషం తీరకముందే ఆగకుండా మాట్లాడటం మొదలుపెట్టింది, అడ్డొచ్చిన వాళ్ల మీదికి గిన్నెలు విసిరింది. ఈసారి మా బాపు ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన ఏదో పెద్ద ఇంగ్లీషు పేరు చెప్పి, ఇది తగ్గే పిచ్చి కాదన్నాడట. ఆయన ఇచ్చిన మాత్రలకు చిన్నమ్మ చేతులు వణికేవి, మాట ముద్దగా వచ్చేది.

పాత చీటీ చూపిస్తే కొత్త డాక్టరు కోప్పడతాడని మావాళ్లు దాచేవాళ్లు. మా వాడకట్టులో అందరూ అంతే. వెళ్లిన ప్రతిచోటా రోగం నిన్ననే వచ్చినట్టు మొదటినుంచి చెప్పేవాళ్లు.

చిన్నమ్మ మళ్లీ గోడవైపు తిరిగేసరికి బాపుకు ఓపిక అయిపోయింది. "పంజాగుట్టల ఒక డాక్టరమ్మ ఉన్నదంట. ఆమెకు సుత అంతుపట్టకపోతే ఎర్రగడ్డల ఏసుడే" అన్నాడు అమ్మతో. ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి అని మా బడి పిల్లలందరికీ తెలుసు. లోపల ఏముంటుందో మాలో ఒక్కరమూ చూడలేదు, అందుకే అంత భయం. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం దిగలేదు.

ఆ డాక్టరమ్మ ముసలావిడ, తల మీద తెల్లటి దుపట్టా. చిన్నమ్మ నా చెయ్యి వదలకపోవడంతో నన్నూ లోపలికి రానిచ్చింది. అమ్మ చెప్పింది విన్నది, బాపు చెప్పింది విన్నది. చివరికి నావైపు తిరిగి, ఆమె పక్కన పడుకునేది నువ్వేనా అని అడిగి, నా చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టింది. "రోజూ ఏం చేసిందో రాయి బేటా. ఎందుకు చేసిందో రాయకు, అది నా పని." రెండు నెలలు రాసి తెమ్మంది. పెద్దవాళ్లం ఇంతమందిమి ఉండగా పోరికి ఇచ్చుడేందని బాపు దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

నేను బుద్ధిమంతురాలిని కదా, ముందే అన్ని పేజీల మీదా తారీఖులు వేసుకున్నాను. ఏడ్చింది. అన్నం వద్దంది. జుట్టు దువ్వుకోలేదు. ఇలా నెల రోజులు రాశాను. ఆ తర్వాత ఒక ఉదయం చిన్నమ్మ లేచి తలస్నానం చేసి, పాడుకుంటూ నాకు రెండు జడలు వేసింది. ఆ రోజు నేనేమీ రాయలేదు. రోగం పోయాక రాయడానికి ఇంకేం ఉంటుంది?

వారం తిరక్కుండానే నన్ను బడి మాన్పించి, విమానాలు చూపిస్తానని బేగంపేట తీసుకుపోయింది. గోడ పక్కన నిలబడి, ఒక్కో విమానానికి ఒక్కో పేరు పెట్టి కడుపు నొప్పి పుట్టేలా నవ్వుకున్నాం. అంత సంతోషం నాకు ఆ వయసులో ఇంకెవరూ ఇవ్వలేదు. తిరుగుదారిలో పంజాగుట్ట దగ్గర నా చెయ్యి పట్టుకుని లారీల మధ్యకు నడిచింది. పరుగు కూడా కాదు, నింపాదిగా నడక. "మనల్ని ఏదీ ముట్టది, చూస్తుండు" అంటోంది. బ్రేకులు కీచుమంటున్నాయి, ఎవరో బూతులు తిడుతున్నారు. తలెత్తి చూస్తే ఆమె ముఖంలో భయమన్నదే లేదు. లారీల కంటే ఆ ముఖం చూసే నేను ఎక్కువ వణికాను. అవతలికి చేరేసరికి నా గౌను తడిసిపోయింది.

"గిది మనిద్దరి ముచ్చట. రాయకు" అంది. రాయలేదు. రాస్తే ఎర్రగడ్డే అని నా లెక్క.

రెండు నెలలు నిండేసరికి చిన్నమ్మ మళ్లీ మంచం పట్టింది. డాక్టరమ్మ పుస్తకం తిప్పుతూ వచ్చి తెల్ల పేజీల దగ్గర ఆగిపోయింది. ఈ రోజుల్లో ఏమైందని అడిగింది. ఏం కాలేదు, మంచిగనే ఉండె అన్నాను. మంచిగా అంటే ఎట్లా, నిద్రపోయిందా అంది. లేదన్నాను. ఒక్కరోజు కూడానా అంది. నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె కళ్లు నేల మీదే ఉన్నాయి. ఏడుస్తూ విమానాలు, లారీలు, అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఇక ఈమెను తీసుకుపోతారనే అనుకున్నాను.

డాక్టరమ్మ నన్నేమీ అనలేదు. మా బాపుతో, "మలేరియా అయితే రక్తంల దొరుకుతది. గిది రక్తంల దొరకదు, ఎక్స్‌రేల దొరకదు. మీరు చెప్పేదే నాకు ఎక్స్‌రే. సగం చెప్తే సగం రోగానికే మందిస్త. పిల్ల భయపడి దాచింది, మీకేమైంది?" అంది. బాపు తలవంచుకుని జేబులోంచి పాత చీటీలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె వాటిని నా పుస్తకం పక్కన పరిచి చాలాసేపు చదివింది. ఏడుపూ నవ్వూ ఒకే రోగమై ఉండవచ్చని, పేరు పెట్టడానికి మాత్రం ఇంకొన్నాళ్లు చూడాలని చెప్పింది. మందు మార్చింది.

ఎర్రగడ్డ మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కుదుటపడటానికి ఏడాది పైనే పట్టింది. చిన్నమ్మ టైపు పరీక్ష పాసై, ఉద్యోగం చేసి, పింఛను తీసుకుంటూ ఇప్పుడు మధురానగర్‌లో ఉంటోంది. మాత్రలు తప్పవు. కానీ విమానాలకు పేర్లు పెట్టిన ఆ చిన్నమ్మ నాకు మళ్లీ కనిపించలేదు. నేను నోరు విప్పబట్టే చిన్నమ్మ బతికిందని నాకు తెలుసు, అయినా ఆ విమానాల చిన్నమ్మ కోసం ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మొన్న నా మనవరాలు ఏదో గెలిచి వచ్చి, ఇల్లంతా తిరుగుతూ ఆగకుండా నవ్వుతూనే ఉంది. ఇంట్లో అందరూ మురిసిపోయారు. నేను మాత్రం దాన్ని పక్కకు పిలిచి, రాత్రి నిద్రపోయావా బిడ్డా అని అడిగాను.