కరగడంలో రకాలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్పిన టీచరు ఏ మాట నేర్పినా, దానికి తగిన వస్తువు వంటింట్లోంచి తెచ్చి చూపించేది.

ఒక సాయంత్రం నేను చక్కెర టీలో మెల్ట్ అయిందని రాశాను. ఆవిడ కొట్టేసింది. గ్లాసు నీళ్లలో చక్కెర కలిపి, "ఇది డిజాల్వ్" అంది. గరిటెలో వెన్న వేడి చేసి, "ఇది మెల్ట్. ముద్ద పోయింది, చూసినారా?" అంది. తర్వాత ఫ్రీజర్‌లోంచి గడ్డకట్టిన బఠానీలు తెచ్చి పళ్లెంలో పోసింది.

"దీన్ని థా అంటారు. మంచు వదిలిపోతాది, బఠానీ బఠానీలాగే ఉంటాది."

అప్పుడే గేటు చప్పుడైంది. వచ్చింది అదే ఊళ్లో రాజ్‌కిశోర్ నగర్‌లో ఉండే ఆవిడ చెల్లెలు. ఆమె కూడా టీచరే. తల్లి పోయినప్పుడు మాటా మాటా పెరిగి, అక్కాచెల్లెళ్లు ఏళ్ల తరబడి మాట్లాడుకోవడం లేదని కాలనీ అంతటికీ తెలుసు.

"అప్పా" అని అక్కని పిలిచి చెల్లెలు అక్కడే నిలబడిపోయింది.

టీచరు తలెత్తకుండానే అంది, "ఇన్నాళ్లకి దారి దొరికిందేటి?"

"నువ్వు ఒక్కసారైనా పిలిచినావేటి?"

"పిలిస్తేగానీ రావేటి? నీ అప్ప ఇల్లు కాదా ఇది?"

ఇద్దరూ లోపలికి వెళ్లాక గొడవ ఇంకా పెద్దదైంది. చిన్నప్పుడు ఎవరి జడ ఎవరు లాగారన్న దాకా పోయింది. ఇక వీళ్లు జన్మలో కలవరనుకుంటూ మేం పుస్తకాలు సర్దుకుని బయటపడ్డాం.

మర్నాడు వెళ్లేసరికి అరిచి అరిచి టీచరు గొంతు పోయింది. ఆవిడ కుర్చీలో కూర్చుని వేడినీళ్లు తాగుతూ ఉంటే, పాఠం చెల్లెలు చెప్పింది.