యూరియా నీళ్లల్ల కల్లు సీసా

2006 జూన్. చండ్రుగొండ దాటినంక అడవి అంచున ఉన్న ఊళ్లకు నేను పశువైద్య సహాయకుణ్ణి. మృగశిర వచ్చినా చినుకు లేదు, ఎండ మాడుస్తుంది. మిట్టమధ్యాహ్నం ముత్తయ్య అనే రైతు సైకిల్ తొక్కుకుంట వచ్చి, "సార్, ఎద్దు వణుకుతుంది, జల్దీ రండి" అన్నడు. ఆయనకున్నది ఒక్క జత. ఒకటి పోతే రెండోది ఉండి లాభం లేదు, అరక నడవదు. ఆ ఏడు చేను బీడు పడ్డట్టే.

పోయి చూస్తే ఎద్దు నోట్లె నురగ, కాళ్లల్ల వణుకు, ఎడమ డొక్క ఉబ్బి ఉంది. మూతి దగ్గర వంగితే ముక్కు బద్దలయ్యే అమ్మోనియా వాసన. కడుపులకు యూరియా పోయిందని అప్పుడే అర్థమైంది.

"యూరియా ఎక్కడ పెట్టినవ్ ముత్తయ్యా?"

"ఇంట్ల ఉంది సార్. బస్తా మూతి కట్టే ఉంది."

"మరి ఎద్దు ఏం తిన్నది?"

"గడ్డి తిన్నది, నీళ్లు తాగింది. యూరియా ఎందుకు తింటది సార్?"

మూడుసార్లు అడిగిన. మూడుసార్లూ అదే ముచ్చట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఖరికి ఆయన భార్య లచ్చమ్మ పందిరి కింది కుడితి గోలెం చూపిచ్చింది. అడుగున ఇన్ని నీళ్లు, నడుమ కల్లు సీసా. వేలు పెడితే అంత ఎండల కూడ సల్లగ ఉన్నయ్.

"ఇదేంది?" ముత్తయ్యను అడిగిన.

"నీళ్లే సార్. కల్లు సల్లగయితదని నాలుగు దోసిళ్ల యూరియా ఏసిన."

"నీ బుద్ధి గడ్డి తిన్నదా? ఎద్దు రోజూ మూతి పెట్టే గోలెంలనా?"

యూరియా కరిగేటప్పుడు నీళ్లల్ల ఉన్న వేడిని గుంజుకుంటది, అందుకే నీళ్లు సల్లబడతయ్. దాంట్ల ఉన్న నత్రజనిని ఆ నీళ్లే వేర్లకు మోసుకపోతే పైరు పచ్చబడతది. ఎద్దు పొట్టల పడితే మాత్రం అమ్మోనియా అయి రక్తంలకు ఎక్కుతది. పులుపు పోసి దాన్ని విరగ్గొట్టాలె, సల్లటి నీళ్లు పట్టిచ్చి పల్చన చెయ్యాలె. పుస్తకంల సిరకా, అంటే వెనిగర్ అని రాసి ఉంటది. ఆ ఊళ్లె సిరకా ఎవరింట్ల ఉంటది? లచ్చమ్మ కుండల చింతపండంత తెచ్చి పిసికింది. స్టమక్ ట్యూబ్, అంటే నోట్లకెల్లి పొట్టలకు దించే రబ్బరు గొట్టం వేసి, ఆ పులుసు పోసిన. ముత్తయ్య బోరింగు కొట్టి బిందెల కొద్ది నీళ్లు మోసిండు. మోసినంత సేపు నేను తిడుతనే ఉన్న.

పొద్దు గుంకే యాళ్లకు ఎద్దు తేన్పింది. డొక్క దిగింది. మెల్లగ లేచి నిలబడ్డది. అప్పుడు ముత్తయ్య చెమట తుడుసుకుంట అన్నడు.

"గీ ఉపాయం మీదే గద సార్. పోయిన ఎండాకాలం గాలికుంటు టీకాలకు వచ్చినప్పుడు ఐసు కరిగిపోతే, బకెట్ల యూరియా కలిపి మందు సీసాలు పెట్టలే? ఊరంత చూసినం."

పెట్టిన. నిజమే. పని అయినంక ఆ బకెట్ నేనే దూరం పట్టుకపోయి పారబోసిన. ఎందుకు పారబోసిన్నో ఎవ్వరికీ చెప్పలే. మధ్యాహ్నం నుంచి ఆయన మీద పోసిన తిట్లన్ని నాకు తగినయే. ఉపాయం చూపిచ్చి అపాయం చెప్పకపోతే సగం పని చేసినట్టు గూడ కాదు, నష్టం చేసినట్టు. ముప్పై ఏండ్ల నౌకరీల నాకు ఇంత గట్టిగ ఎక్కిన పాఠం ఇంకోటి లేదు.

మరుసటేడు మళ్ల టీకాలకు పోయిన. మళ్ల ఐసు కరిగింది, మళ్ల బకెట్ పెట్టిన. ఈసారి చుట్టూ ఉన్నోళ్లకు ముందే చెప్పిన, ఇవి పశువు తాగితే సస్తదని. ఆఖరి ఎద్దుకు సూది వేసేదాక లచ్చమ్మ ఆ బకెట్ పక్కనుంచి కదల్లే.

"ఇంటికి పో లచ్చమ్మా, అయిపోయింది" అన్న.

"మీరు పారబోసి మన్ను కప్పేదాక పోను సార్" అన్నది.